వంశంలో షుగరు, ఇంట్లో మతిమరుపు: జన్యువుల వాటా ఎంత?

తిరుపతి కొర్లగుంటలో ఒక ఇంటిని ఊహించుకుందాం. ఇంటిపెద్దకు 73 ఏళ్ళు. ఆర్టీసీలో కండక్టరుగా 30 ఏళ్ళు తిరుపతి–మదనపల్లె బస్సులో తిరిగిన మనిషి. ఒక చేత్తో టికెట్టు చించుతూనే రెండో చేతిలోని నోటుకు చిల్లర ఎంతో మనసులోనే తేల్చేసేవాడు. 46వ ఏట షుగరు బయటపడింది. ఇప్పుడు పాల ప్యాకెట్లకు వెళ్ళి, అంగడివాడు తిరిగిచ్చిన చిల్లరను అరచేతిలో పరచుకుని, ఒక్కో నాణేన్నీ వేలితో పక్కకు జరుపుతూ మూడుసార్లు లెక్కపెడతాడు. మూడుసార్లూ మూడు లెక్కలు వస్తాయి. చివరికి అన్నీ జేబులో వేసుకుని, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసి ఇంటిదారి పడతాడు. చంద్రగిరి, భాకరాపేట, పీలేరు, వాయల్పాడు అంటూ దారిలోని ఊళ్ళను మాత్రం ఇప్పటికీ వరస తప్పకుండా చెబుతాడు. పొద్దున షుగరు మాత్ర వేసుకున్నాడో లేదో అడిగితే చెప్పలేడు.

ఇంట్లోవాళ్ళకు ఇందులో ఆశ్చర్యం ఏమీ లేదు. "వాళ్ళ నాయనకూ ఇంతే. ఆయనకూ షుగరే. చివరి రోజుల్లో కన్నకొడుకునే గుర్తుపట్టలేదు. మా వంశంలోనే ఉంది" అంటారు. ఆ మాట చెవిన పడగానే 42 ఏళ్ళ కొడుకు, నిరుడే షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ మొదలుపెట్టినవాడు, తనకింకా ఎన్నేళ్ళు మిగిలాయో వేళ్ళు మడిచి చూసుకుంటాడు.

"వంశంలోనే ఉంది" అన్న మాటలో నిజానికి రెండు వాదనలు పెనవేసుకుని ఉన్నాయి. షుగరు ఉన్నవాళ్ళలో ముసలితనంలో మతి తప్పడం ఎక్కువ అన్నది మొదటిది. ఆ రెండింటినీ కలిపేది రక్తంలో దిగివచ్చిన జన్యువులే అన్నది రెండోది. మొదటిదానికి గట్టి ఆధారాలున్నాయి. రెండోదానికి ఉన్నవి జనం అనుకునేదానికంటే చాలా పలచన. ఈ తేడా తెలియక, నిబ్బరంగా ఉండవలసిన చోట భయపడుతూ, భయపడవలసిన చోట ఉదాసీనంగా ఉండిపోయే కుటుంబాలు ఎన్నో.

ముందు మొదటిదాని సంగతి. ఐసీఎంఆర్–ఇండియాబ్ సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని, మరో 13.6 కోట్ల మంది దాని గడప మీద నిలబడి ఉన్నారని ఆ లెక్క. అదే ఏడాది మరో జాతీయ అధ్యయనం 60 ఏళ్ళు పైబడినవాళ్ళలో 7.4 శాతానికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా, అంటే మతి తప్పే జబ్బు, ఉందని అంచనా కట్టింది. మగవాళ్ళలో కంటే ఆడవాళ్ళలో, పట్నాల్లో కంటే పల్లెల్లో, చదువుకున్నవాళ్ళలో కంటే బడి ముఖం చూడనివాళ్ళలో అది ఎక్కువ. ఇక ఈ రెండు జబ్బుల జంట గురించి తొలి పెద్ద సాక్ష్యాల్లో ఒకటి నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ నుంచి 1999లో వచ్చింది. వేలమంది పెద్దవాళ్ళను ఏళ్ళ తరబడి గమనిస్తే, షుగరు ఉన్నవాళ్ళకు డిమెన్షియా ముప్పు దాదాపు రెట్టింపుగా కనిపించింది. తర్వాత వేరే దేశాల్లో చేసిన అధ్యయనాలు అంకెను కాస్త అటూ ఇటూ జరిపాయి, దిశను మార్చలేదు.

అయితే డిమెన్షియా ఒక్క జబ్బు పేరు కాదు. పలమనేరు, కుప్పం అవతల కన్నడిగులు "అరవత్తక్కె అరళు మరళు" అంటారు, అరవై వచ్చేసరికి మతి చెదురుతుందని. ఈ ప్రాంతంలో చాలామంది పెద్దల మతిమరుపును ఇంట్లోవాళ్ళు ఆ ఒక్క మాటతోనే సరిపెట్టేస్తారు. వైద్యులు దాన్ని విడదీసి చూస్తారు. మెదడులో అమిలాయిడ్, టావ్ అనే ప్రొటీన్లు పేరుకుపోయి, కొత్తగా విన్న మాట నిలవకుండా పోవడంతో మొదలయ్యేది అల్జీమర్స్. మెదడులోని సన్నని రక్తనాళాలు గట్టిపడి, అక్కడక్కడా మూసుకుపోయి, ఆలోచన మందగించడం, లెక్క తప్పడం, పనిని వరసలో పెట్టుకోలేకపోవడం ముందుగా కనిపించేది రక్తనాళాల డిమెన్షియా. చాలామంది వృద్ధుల్లో ఈ రెండూ కలిసే ఉంటాయి. కండక్టరు అరచేతిలోని చిల్లర రెండో దారిని కూడా అనుమానించమంటోంది. షుగరుకూ మతికీ ఉన్న బంధుత్వం ఏ దారిన నడుస్తోందన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

జన్యువుల దగ్గరికి వద్దాం. టైప్-2 మధుమేహానికి ఒక్క జన్యువంటూ లేదు. 25 లక్షలకు పైగా మంది జన్యు సమాచారాన్ని కలిపి చూసి 2024లో ప్రచురించిన అధ్యయనం ఈ జబ్బుతో సంబంధమున్న చోట్లు జన్యుపటం మీద 611 ఉన్నాయని గుర్తించింది. వాటిలో పేరు మోసినది 2006లో ఐస్‌లాండ్ పరిశోధకులు పట్టుకున్న టీసీఎఫ్7ఎల్2. అంతటి పేరున్నది కూడా, దాని ముప్పు రకం తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి వస్తే ముప్పును పెంచేది 1.4 రెట్లే. మిగిలినవి ఒక్కొక్కటి రవ్వంత. అల్జీమర్స్ విషయంలో 2022 నాటి పెద్ద అధ్యయనం 75 చోట్లు చూపింది. ఈ రెండు జాబితాలనూ పక్కపక్కన పెడితే జేఏజెడ్‌ఎఫ్1 లాంటి ఉమ్మడి పేర్లు ఒకటి అరా తగులుతాయి. రెండు పెళ్ళిళ్ళ ఆహ్వానితుల జాబితాల్లో ఒకటి రెండు పేర్లు కలిసినంత మాత్రాన రెండు ఇళ్ళూ చుట్టాలని చెప్పలేం కదా.

అలాగని ఉమ్మడి జన్యువుల ఆలోచన గాలిలోంచి పుట్టింది కాదు. దాని వెనుక ముచ్చటైన కథే ఉంది. ఒంట్లో పని ముగిసిన ఇన్సులిన్‌ను ముక్కలు చేసే ఎంజైము ఒకటుంది. 1949 నుంచే శాస్త్రవేత్తలకు తెలిసిన ఈ కత్తెర పేరు ఇన్సులిన్ డిగ్రేడింగ్ ఎంజైమ్, పొట్టిగా ఐడీఈ. దాన్ని తయారుచేసే జన్యువు పదో క్రోమోజోము మీద ఉంది. అదే కత్తెర అల్జీమర్స్‌లో పేరుకునే బీటా అమిలాయిడ్‌ను కూడా కత్తిరిస్తుందని తర్వాత తేలింది. 2000 డిసెంబరులో సైన్స్ పత్రిక ఒకే సంచికలో మూడు పరిశోధనలు అచ్చు వేసింది. ముదిమిలో వచ్చే అల్జీమర్స్ జాడ పదో క్రోమోజోము మీదే ఉందని మూడూ చెప్పాయి. 2003లో ఐడీఈ జన్యువును తీసేసిన ఎలుకల్లో రక్తంలో ఇన్సులిన్ పెరిగింది, మెదడులో అమిలాయిడ్ కూడా పెరిగింది. 2007లో మధుమేహపు జన్యువుల వేటలోనూ ఆ చుట్టుపక్కల చోటే దొరికింది. ఒకే కత్తెర, రెండు పనులు. ఒంట్లో ఇన్సులిన్ మరీ ఎక్కువైతే కత్తెర దానితోనే సరిపోయి అమిలాయిడ్ వంతు రాకుండా పోతుందన్న ఊహ ఎంత చక్కగా అమరిందో చూడండి.

మరీ చక్కగా అమరిన ఊహలను కాస్త అనుమానంగా చూడడం మేలు. ఆ తర్వాత లక్షలమందితో చేసిన అధ్యయనాల్లో ఐడీఈ కథానాయకుడిగా నిలవలేదు. మధుమేహం విషయంలోనూ అదే చోట పొరుగున ఉన్న హెచ్‌హెచ్‌ఈఎక్స్ అనే మరో జన్యువు మీదికి దృష్టి మళ్ళింది. ఐడీఈ తన పని తాను చేస్తూనే ఉంది. మనుషుల మధ్య దాని తేడాలే రెండు జబ్బులనూ మోసుకొస్తున్నాయని చెప్పేటంత బలం మాత్రం ఆ సాక్ష్యానికి లేదు.

ఏమిలిన్ కథ కూడా ఇలాంటిదే. క్లోమంలో ఇన్సులిన్‌తో పాటే విడుదలయ్యే ఈ హార్మోను, షుగరు ఉన్నవాళ్ళ క్లోమంలో గడ్డకట్టి పేరుకుంటుంది. అల్జీమర్స్ మెదడులోని అమిలాయిడ్‌ను గుర్తుకు తెచ్చే తీరులోనే పేరుకుంటుంది. షుగరున్న కొందరు అల్జీమర్స్ రోగుల మెదళ్ళలో కూడా ఏమిలిన్ కనిపించిందని 2013లో ఒక పరిశోధన చెప్పింది. అయితే ఏమిలిన్ జన్యువు ఉన్నది పన్నెండో క్రోమోజోము మీద, అమిలాయిడ్‌కు మూలమైన జన్యువు ఉన్నది ఇరవై ఒకటో దాని మీద. ముఖాలు కలిసినా ఇంటిపేర్లు వేరు.

ఈ ఉత్సాహంలోనే 2005 ప్రాంతంలో అమెరికా పరిశోధకురాలు సూజన్ డి లా మాంటే బృందం అల్జీమర్స్‌ను "టైప్-3 మధుమేహం" అని పిలిచింది. పేరు పలికిందే తడవుగా లోకమంతా పాకింది. ఇప్పటికీ ఆరోగ్య చిట్కాల వీడియోల్లో అది ఒక నిర్ధారిత జబ్బులాగా వినిపిస్తుంది. వైద్యశాస్త్రంలో అలాంటి అధికారిక వర్గీకరణ లేదు. అల్జీమర్స్ నిజంగా మెదడుకు పట్టిన షుగరే అయితే షుగరు మందులు దాన్ని నిలపాలి. ముక్కు ద్వారా ఇన్సులిన్ పీల్పించిన ప్రయోగం 2020లో ఫలించలేదని తేలింది. షుగరుకు వాడే సెమాగ్లూటైడ్ మాత్రలతో తొలిదశ అల్జీమర్స్ రోగులపై చేసిన రెండు పెద్ద ప్రయోగాలు కూడా జబ్బు వేగాన్ని తగ్గించలేదని 2025 నవంబరులో ఆ మందు కంపెనీయే ప్రకటించింది.

జన్యువులు నిజంగా గట్టిగా మాట్లాడే చోటు ఒకటుంది. పందొమ్మిదో క్రోమోజోము మీది ఎపో-ఇ. కొవ్వును మోసుకెళ్ళే ప్రొటీనును ఇది తయారుచేస్తుంది. ఇందులో 2, 3, 4 అని మూడు రకాలు. నాలుగో రకం అల్జీమర్స్ ముప్పును పెంచుతుందని 1993లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం బృందం కనిపెట్టింది. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి వస్తే యూరోపియన్ సంతతిలో ముప్పు మూడింతలు, ఇద్దరి నుంచీ వస్తే ఎనిమిదింతలు, ఆ పైన. హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో చేసిన ఇండో–అమెరికన్ అధ్యయనంలో ఈ నాలుగో రకం వాటా 7 శాతం చిల్లర, అదే పోలికకు తీసుకున్న అమెరికా ప్రాంతంలో 11 శాతం. మనవాళ్ళలో తక్కువే ఉందన్నమాట. ఉన్నవాళ్ళకు మాత్రం అక్కడా ఇక్కడా ముప్పు తప్పలేదు.

హవాయిలోని జపాన్ సంతతి మగవాళ్ళ మీద చేసిన హొనొలులు అధ్యయనం 2002లో ఒక అంకె చెప్పింది. షుగరూ లేక, ఎపో-ఇ నాలుగో రకమూ లేనివాళ్ళతో పోలిస్తే, రెండూ ఉన్నవాళ్ళకు అల్జీమర్స్ ముప్పు 5.5 రెట్లు. ఈ అంకెను చూసి "అదిగో జన్యు సంబంధం" అనేవాళ్ళున్నారు. ఇది ఒకే జన్యువు రెండు జబ్బులనూ కనడం కాదు. వేరువేరు ఊళ్ళ నుంచి వచ్చిన ఇద్దరు అప్పులవాళ్ళు ఒకే రోజు ఒకే ఇంటి గడప తొక్కడం లాంటిది. వాళ్ళిద్దరూ చుట్టాలు కానవసరం లేదు, ఇంటివాడి మీద మాత్రం ఇద్దరి బరువూ పడుతుంది.

షుగరే అల్జీమర్స్‌ను తెస్తోందా, లేక రెండూ పక్కపక్కన నడుస్తున్నాయా అని తేల్చడానికి ఒక తెలివైన పద్ధతి ఉంది. తిరుపతివాళ్ళకు అది చిటికెలో అర్థమవుతుంది. శ్రీవారి ఆర్జిత సేవల్లో కొన్నిటికి ఎలక్ట్రానిక్ డిప్ తీస్తారు. ఆ సేవ చేసుకున్నవాళ్ళు తర్వాత ఏడాదంతా సంతోషంగా ఉంటారా అని ఎవరైనా పరీక్షించదలచుకున్నారనుకోండి. సిఫారసు మీద వెళ్ళినవాళ్ళనూ మామూలు జనాన్నీ పోల్చితే లాభం లేదు. మొదటివాళ్ళకు డబ్బు, పలుకుబడి ముందే ఉన్నాయి. డిప్‌లో పేరు వచ్చినవాళ్ళనూ రానివాళ్ళనూ పోల్చితే లెక్క సరిగ్గా వస్తుంది. అప్లై చేసేనాటికి వాళ్ళంతా ఒకే తీరు మనుషులు, తేడా చేసినది చీటీ ఒక్కటే. బిడ్డ కడుపులో పడ్డప్పుడు తల్లిదండ్రుల జన్యువుల్లో ఏ సగం వస్తుందన్నదీ అలాంటి డిప్పే. చదువు, సంపాదన, సిగరెట్టు అవేవీ ఆ చీటీని మార్చలేవు. షుగరును పెంచే చీటీలు ఎక్కువ పడ్డవాళ్ళలో అల్జీమర్స్ కూడా ఎక్కువ కనిపిస్తే, షుగరే దోషి అని చెప్పవచ్చు.

2015లో ఒక బృందం, 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో మరో బృందం ఈ పద్ధతిలో చూశాయి. షుగరు చీటీలు ఎక్కువ పడ్డవాళ్ళలో అల్జీమర్స్ పెరిగినట్టు కనిపించలేదు. 2017 అధ్యయనంలో గట్టిగా నిలిచినది చదువు. ఎక్కువ ఏళ్ళు చదువుకునే వైపు మొగ్గే జన్యువులున్నవాళ్ళకు అల్జీమర్స్ ముప్పు తక్కువ.

ఈ ఫలితాన్ని పట్టుకుని షుగరుకూ మతికీ సంబంధమే లేదని గంతులు వేస్తే అది ఇంకో పొరపాటు. ఆ అధ్యయనాలు చూసినది అల్జీమర్స్‌ను, రక్తనాళాల డిమెన్షియాను కాదు. షుగరు ఎక్కువైనవాళ్ళు గుండెజబ్బుతో ముందే పోతే అల్జీమర్స్ వచ్చే వయసుకు మిగిలేది గట్టిపిండాలే. పైగా ఆ జన్యు సమాచారం దాదాపు అంతా యూరోపియన్ సంతతిది. మన జనాభాలోని పది వేల మంది జన్యుపటాలతో జీనోమ్ ఇండియా సమాచారం పరిశోధకులకు అందుబాటులోకి వచ్చినదే 2025 జనవరిలో.

జన్యువుల లెక్క తేల్చలేని చోట కళ్ళారా చూసిన సాక్ష్యం ఒకటుంది. షికాగో కేంద్రంగా, తమ మరణానంతరం మెదడును పరిశోధనకు ఇస్తామని ఒప్పుకున్న క్యాథలిక్ సన్యాసినులు, ఫాదరీల మీద ఒక అధ్యయనం నడిచింది. 2006లో వాళ్ళ మెదళ్ళను పరిశీలించిన నివేదిక వచ్చింది. షుగరు ఉన్నవాళ్ళ మెదళ్ళలో రక్తం అందక చచ్చిపోయిన మచ్చలు ఎక్కువగా ఉన్నాయి. అల్జీమర్స్ గుర్తులు మాత్రం షుగరు లేనివాళ్ళలో కంటే ఎక్కువగా లేవు. రెండు సాక్ష్యాలూ ఒకే వైపు చూపిస్తున్నాయి. షుగరు మతి మీదికి వచ్చే రహదారి రక్తనాళమే. కంటి వెనుక తెరను, మూత్రపిండాన్ని, కాలివేళ్ళను ఏ దారిన దెబ్బతీస్తుందో మెదడునూ ఆ దారినే. షుగరు డాక్టరు ఏడాదికోసారి కంటి పరీక్ష చేయించుకోమనేది చూపు కోసమే అయినా, ఒంట్లో సన్ననాళాల పరిస్థితిని కోతా మత్తూ లేకుండా నేరుగా చూడగలిగే కిటికీ కన్ను.

ఇక్కడ మేనరికం ప్రస్తావన రాక తప్పదు. చిత్తూరు ప్రాంతంలో మేనమామను, మేనమామ కొడుకును చేసుకోవడం తరతరాల అలవాటు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం మానవశాస్త్ర విభాగం ఈ పెళ్ళిళ్ళను చాలాకాలంగా అధ్యయనం చేస్తోంది. దాంతో "అందుకే మాలో షుగరు, మతిమరుపు ఎక్కువ" అనే తీర్మానం సులువుగా వచ్చేస్తుంది. మేనరికం ప్రమాదం ఎక్కడంటే, ఇద్దరి నుంచీ చెడ్డ ప్రతి వస్తేనే బయటపడే అరుదైన జబ్బుల్లో. ఒకే కులంలోనే శతాబ్దాలుగా పెళ్ళిళ్ళు జరిగినా ఫలితం అలాంటిదే. వైశ్యుల్లో కొందరికి శస్త్రచికిత్సలో కండరాలు సడలించే ఒక మందు ఇస్తే గంటల తరబడి కోలుకోకపోవడం మత్తు డాక్టర్లకు తెలిసిన విషయం. దాని వెనుక ఉన్న జన్యులోపం ఆ సమాజంలో ఎందుకు ఎక్కువో హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు భాగస్వాములైన 2017 నాటి పరిశోధన వివరించింది. టైప్-2 షుగరు ఆ కోవ జబ్బు కాదు. అది 611 చోట్ల నుంచి చుక్క చుక్కగా చేరేది. మేనరికాన్ని తప్పుపట్టడానికి వేరే కారణాలు ఎన్నో ఉన్నాయి, తాతగారి మతిమరుపు వాటిలో పెద్దది కాదు. 40లలోనే, తరం తప్పకుండా అల్జీమర్స్ వచ్చే కొద్ది కుటుంబాల సంగతి వేరు. అక్కడ ఒక్క జన్యువే కారణమవుతుంది, మొత్తం రోగుల్లో అలాంటివాళ్ళు నూటికి ఒక్కరు కూడా ఉండరు.

మరి తాతకూ తండ్రికీ మనవడికీ వరసగా షుగరు ఎందుకు? జన్యువుల వాటా ఉంది, కాదనలేం. కానీ వంశం అంటే జన్యువులొక్కటే కాదు. వంటిల్లు, ఊరు, కాలం అన్నీ వంశంతో పాటు దిగి వస్తాయి. మన కండక్టరు పుట్టినది 1950ల తొలినాళ్ళలో. అప్పుడు రాయలసీమను కరువు పీల్చింది, ఊళ్ళల్లో గంజి కేంద్రాలు నడిచాయి. అలాంటి కరువు కడుపులోని బిడ్డను ఏమి చేస్తుందో నెదర్లాండ్స్ చూపించింది. 1944–45 చలికాలపు కరువులో తల్లి గర్భంలో ఉన్నవాళ్ళకు 50 ఏళ్ళ వయసులో చక్కెరను అరిగించుకునే శక్తి తగ్గి ఉంది. పుణె కేఈఎం ఆసుపత్రిలో చిత్తరంజన్ యాజ్ఞిక్ ఇంకో ముక్క చెప్పారు. మన దేశపు పిల్లలు ఇంగ్లాండు పిల్లలకంటే తక్కువ బరువుతో పుడతారు, కండ తక్కువ, కొవ్వు మాత్రం తగ్గదు. చూడ్డానికి బక్క, లోపల కొవ్వు. అలా పుట్టిన మనిషి జీవితంలోకి 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది. ఆకలి తీర్చిన పథకాన్ని తప్పుపట్టడం కాదు ఇది. రాగి సంగటి పళ్ళెంలోకి మూడు పూటలా తెల్లన్నం చేరింది. ఆపైన ప్రతి బస్టాండులో ఒక టీ, ప్రతి టీలో రెండు చెంచాల చక్కెర. ఆ ఇంట్లో పుట్టిన కొడుక్కి దక్కినది తండ్రి జన్యువుల్లో సగమే, కానీ పళ్ళెం మొత్తం దక్కింది.

కొడుకు లెక్కలో అసలు ముఖ్యమైన అంకె ఇదే: షుగరు ఎన్నో ఏట మొదలైంది? లండన్ ప్రభుత్వోద్యోగుల మీద 1985 నుంచి సాగిన వైట్‌హాల్ అధ్యయనంలో పది వేలకు పైగా మందిని మూడు దశాబ్దాలు గమనించారు. 2021లో వచ్చిన ఫలితం ప్రకారం, 70 ఏళ్ళ వయసులో చూస్తే, పదేళ్ళకు ముందే షుగరు మొదలైనవాళ్ళకు డిమెన్షియా ముప్పు రెండింతలు దాటింది. గత అయిదేళ్ళలోనే మొదలైనవాళ్ళకు చెప్పుకోదగ్గ తేడా లేదు. తండ్రికి 46లో వస్తే కొడుకుకు 41కే వచ్చింది. ఒకే జన్యువులు తరం మారేసరికి అయిదేళ్ళు ముందుకు జరగవు, జరిగినవి అలవాట్లు. 2024లో లాన్సెట్ వైద్యపత్రిక వేసిన కమిషన్ డిమెన్షియాకు మార్చుకోగల కారణాలను 14గా లెక్కించి, వాటన్నిటినీ దూరం చేయగలిగితే ప్రపంచంలోని డిమెన్షియాలో 45 శాతం దాకా ఆపడమో వాయిదా వేయడమో వీలవుతుందని చెప్పింది. షుగరు, బీపీ, చెడు కొలెస్ట్రాల్, వినికిడి లోపం, చూపు మందగించడం, చిన్నప్పటి చదువు లేకపోవడం అందులో ఉన్నాయి. ఎపో-ఇ ఆ జాబితాలో లేదు, మార్చుకోలేం కాబట్టి.

చదువు తెచ్చే అదృష్టం అందనివాళ్ళకు చిత్తూరు జిల్లా ఇంకొకటి ఇచ్చింది. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఒక విషయం చెప్పింది. ఒకటికి మించి భాషలు మాట్లాడేవాళ్ళలో జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలయ్యాయి. అక్షరం ముక్క రానివాళ్ళలో కూడా ఆ తేడా కనిపించింది. నగరి సంతలో తమిళంలో బేరమాడి, ఇంటికొచ్చి తెలుగులో పోట్లాడే అవ్వ తెలియకుండానే చేస్తున్న కసరత్తు అది. జబ్బు రాకుండా ఆపుతుందని కాదు, తట్టుకునే నిల్వ పెంచుతుందని.

ఇప్పుడు తండ్రి సంగతి. ఆయన జన్యువులేవో తెలుసుకోవడం వల్ల ఈ వయసులో ఒరిగేది లేదు. ఇంటికే వచ్చి లాలాజలం తీసుకుపోయి "మీ మెదడు భవిష్యత్తు" చెబుతామనే పరీక్షలకు వేలు పోయడం కంటే కొన్ని చవకైన ప్రశ్నలు అడగడం మేలు. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవాళ్ళలో విటమిన్ బి12 తగ్గిపోవచ్చు, అది తగ్గితే మతిమరుపు, తిమ్మిర్లు వస్తాయి, సరిదిద్దుకోగలిగిన కారణం అది. చెవి వినిపించక జవాబు తప్పుగా చెప్పడాన్ని కూడా మతిమరుపుగా లెక్కగట్టే ఇళ్ళున్నాయి. బీపీని గట్టిగా అదుపులో ఉంచినవాళ్ళలో మతి మందగించే తొలిదశ తగ్గిందని అమెరికాలో జరిగిన స్ప్రింట్ మైండ్ పరీక్ష 2019లో చూపింది. షుగరును మరీ గట్టిగా బిగించినందువల్ల మాత్రం జ్ఞాపకశక్తికి మేలు జరగలేదని 2011 నాటి అకార్డ్ మైండ్ పరీక్ష తేల్చింది.

ఈ చివరి ముక్క పెద్దవాళ్ళున్న ఇళ్ళలో గోడ మీద రాసి పెట్టుకోదగ్గది. చక్కెర ఎక్కువ కావడాన్ని అందరూ చూస్తారు, పడిపోవడాన్ని ఎవరూ చూడరు. మెదడు బరువు ఒంటి బరువులో రెండు శాతమే అయినా ఒంటి శక్తిలో అయిదో వంతు అది తినేస్తుంది, అందులో ఎక్కువ భాగం గ్లూకోజు. చక్కెర దారుణంగా పడిపోయి ఆసుపత్రి పాలైనవాళ్ళకు తర్వాత డిమెన్షియా ముప్పు పెరుగుతుందని, పదే పదే పడిపోయినకొద్దీ ఇంకా పెరుగుతుందని 2009లో కాలిఫోర్నియా అధ్యయనం చూపింది. ఇది రెండువైపులా తిరిగే చక్రం. మతి తప్పినవాడు వేసుకున్న మాత్ర మరచి మళ్ళీ వేసుకుంటాడు. అది గ్లిబెన్‌క్లమైడ్ లాంటి ఇన్సులిన్‌ను పిండే మాత్ర అయితే, ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా తినకపోతే, తెల్లవారుజామున చెమటలు, తికమక. ఇంట్లోవాళ్ళు "మతి ఇంకా పోతోంది" అనుకుంటారు. గ్లూకోమీటరు పెట్టి చూస్తే చక్కెర 52కు పడిపోయి ఉంటుంది. తిరుపతిలో స్విమ్స్ అయినా రుయా అయినా, వేలూరు ఆసుపత్రి అయినా, వెళ్ళినప్పుడు షుగరు డాక్టరుకు మతిమరుపు సంగతి, మతిమరుపు డాక్టరుకు మాత్రల సంగతి ఇంట్లోవాళ్ళే నోరు తెరిచి చెప్పాలి. 73 ఏళ్ళ మనిషికి షుగరు ఎంత వరకు తగ్గించాలన్న లెక్క 42 ఏళ్ళవాడి లెక్క కాదు, దాన్ని కాస్త సడలించవచ్చునా అని అడగడం తప్పు కాదు.

మాత్రల పెట్టె కోడలి చేతికి వచ్చింది. కానీ తన మందు తాను వేసుకోలేనా అన్న పట్టుదల ఆయనది. చేతికి అలవాటైన పని మతి పోయినా చాలాకాలం నిలుస్తుంది. తమిళనాడు అంచున ఉన్న ఇళ్ళలో రోజుకో కాగితం చించే లావుపాటి క్యాలెండరు గోడకు వేలాడుతూ ఉంటుంది. కోడలు ఆ పక్కనే ఒక గిన్నెలో ఆ పూట మాత్రలు మాత్రమే పెడుతుంది. ఆయన మాత్ర మింగి, నీళ్ళు తాగి, అడుగున బొటనవేలు ఆనించి కాగితాన్ని ఒక్క ఊపున చించుతాడు, అంచు చిరగకుండా. దాన్ని మడిచి కోడలి చేతిలో పెడతాడు. కాగితం గోడ మీదే ఉంటే మాత్ర పడనట్టు, ఆమె చేతిలో ఉంటే పడినట్టు.